మానాలి, కాని పూడిపోకూడదు!
(చెవి, ముక్కు కుట్టించుకున్న తరువాత శరీరంలో జరిగే పని)

కర్ణుడు సహజ కవచ కుండలాలతో పుట్టాడని భారత కథలో విన్నారు కదా! 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ చిత్రం చూసిన వారికి ఆ కుండలాలు కళ్ళకు కట్టినట్లు గుర్తుండే ఉంటాయి. పుట్టుకతోనే కుండలాలు ఉన్నవాడు కనుక కర్ణుడికి చెవులు కుట్టించవలసిన పని లేకపోయింది. మిగిలిన మనందరికీ సూది తప్పదు.

హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతంలో పాఠాలు చెప్పే మాబోటి ఉపాధ్యాయులకు ఈ విషయం తరచుగా ఎదురవుతుంది. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి ఈ కొండల మీదికి తరలి వచ్చాక, ఇక్కడి బడులలో మేకప్ వారి పిల్లలు, లైట్‌మెన్ పిల్లలు, దుస్తులు కుట్టేవారి పిల్లలు, డాన్సు బృందాలలో ఆడేవారి పిల్లలు చదువుకుంటున్నారు. ఈ నెల తెర మీద మెరిసిన ముక్కుపుడక వచ్చే నెలకల్లా బడి వరండాలో కనబడుతుంది. చెవి తమ్మెకు ఒక కుట్టు చాలదని రెండోది, మూడోది, చెవి పైఅంచున మరొకటి. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ కుట్టించుకుంటున్నారు.

కుట్టించుకోండి అని గాని, కుట్టించుకోవద్దు అని గాని ఈ వ్యాసం చెప్పదు. అది మీరూ, మీ అమ్మానాన్నలూ కలిసి తేల్చుకోవలసిన సంగతి. కుట్టించుకున్న తరువాత చర్మం లోపల ఏమి జరుగుతుందో తెలుసుకోవడం మాత్రం సైన్సు విద్యార్థిగా మీ పని. అది తెలిస్తే ఏ జాగ్రత్త ఎందుకు తీసుకోవాలో ఎవరూ బట్టీ పట్టించనవసరం లేదు.

కనిపించేది ఒక వంతు, కనిపించనిది పది వంతులు

కుట్టిన చోటు చూడడానికి ఆవగింజంత కూడా ఉండదు. “ఇంత చిన్న గాయానికి ఇన్ని జాగ్రత్తలా?” అని మీకు అనిపించవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం.

చెవి తమ్మె మందం 5 మిల్లీమీటర్లు అనుకుందాం. సూది చేసిన రంధ్రం వ్యాసం 1 మిల్లీమీటరు అనుకుందాం. బయటికి కనిపించేవి ముందొక వృత్తం, వెనకొక వృత్తం. ఒక్కొక్క వృత్తం వైశాల్యం 3.14 × 0.5 × 0.5, అంటే సుమారు 0.785 చదరపు మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 1.57.

మరి లోపల? లోపల ఉన్నది ఒక స్తూపం. దాని వక్రతల వైశాల్యం కావాలంటే వృత్త పరిధిని ఎత్తుతో గుణించాలని మీకు తెలుసు. 3.14 × 1 × 5, అంటే 15.7 చదరపు మిల్లీమీటర్లు. చూశారా! బయటికి కనబడే గాయం ఒక వంతయితే, లోపల దాగి ఉన్న గాయం సరిగ్గా పది వంతులు. “పైకి బాగానే ఉంది, మానిపోయింది” అని అనుకోవడం ఎంత పొరపాటో ఈ లెక్కే చెబుతుంది.

ఇంకొక విశేషం కూడా ఉంది. మోకాలు గీరుకుపోతే ఆ గాయం మూసుకుపోవాలనే మనం కోరుకుంటాం. శరీరానికి తెలిసిన విద్య కూడా అదే. కాని చెవి కుట్టించుకున్నప్పుడు మనం శరీరాన్ని ఒక వింత కోరిక కోరుతున్నాం. గాయం మానాలి, కాని రంధ్రం పూడిపోకూడదు! పైగా గాయం మధ్యలో ఒక లోహపు కడ్డీని ఉంచి మరీ మానమంటున్నాం. శరీరం ఈ పని చేయగలదు. అయితే నిదానంగా చేస్తుంది.

శరీరం చేసే మరమ్మతు

సూది దిగగానే సన్నని రక్తకేశనాళికలు తెగుతాయి. వెంటనే రక్తఫలకికలు అక్కడ గుమిగూడతాయి. రక్తంలోని ఫైబ్రినోజన్ అనే ప్రోటీను ఫైబ్రిన్ దారాలుగా మారి వలలా అల్లుకుంటుంది. రక్తం ఆగిపోతుంది. ఇది నిమిషాలలో పూర్తయ్యే పని.

ఆ తరువాత కొన్ని రోజులు ఆ చోటు కాస్త ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తాకితే నొప్పి పుడుతుంది. భయపడనవసరం లేదు. తెల్లరక్తకణాలను అక్కడికి చేర్చడానికి రక్తనాళాలు వెడల్పు అవుతాయి, వాటి గోడల నుండి ద్రవం ఊరుతుంది. ఆ తెల్లకణాలు సూక్ష్మజీవులనూ, చచ్చిన కణాలనూ మింగి చోటు శుభ్రం చేస్తాయి. ఊరిన ద్రవం ఎండి, కమ్మ చుట్టూ తెల్లగానో లేత పసుపుగానో పొక్కు కడుతుంది. చాలామంది దీన్ని చీము అనుకుని కంగారుపడతారు. అది చీము కాదు. అది మరమ్మతు జరుగుతున్నదనడానికి గుర్తు.

ఇక అసలైన పని మొదలవుతుంది. చర్మపు పైపొర కణాలు రంధ్రపు రెండు కొసల నుండి విభజన చెందుతూ, గోడను పట్టుకుని లోపలికి పాకుతాయి. ఒక సొరంగానికి ఇద్దరు మేస్త్రీలు అటొకరు ఇటొకరు నిలబడి గచ్చు చేసుకుంటూ లోపలికి వస్తున్నారనుకోండి. సొరంగం నోటి దగ్గర గచ్చు ముందుగా ఆరుతుంది. మధ్యభాగం అన్నింటికంటే చివర పూర్తవుతుంది. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నప్పుడే సొరంగం గట్టిపడినట్లు. ఈ లోపల అంతశ్చర్మంలో కొల్లాజన్ అనే ప్రోటీను పోగులు తయారై గోడకు బలమిస్తాయి. అలా చర్మంతో పూత వేసిన ఒక చిన్న గొట్టం ఏర్పడుతుంది.

చెవి తమ్మెకు ఈ పని పూర్తి కావడానికి సాధారణంగా 6 నుండి 8 వారాలు పడుతుంది. ముక్కు పక్కకు నాలుగు నెలలో, ఆరు నెలలో పట్టవచ్చు. చెవి పైభాగానికి ఒక్కొక్కప్పుడు సంవత్సరం కూడా పడుతుంది. ఈ గడువు పూర్తికాక ముందే కమ్మ తీసి “ఒక్క పూట కొత్తది పెట్టుకుంటాను” అన్నారా, పచ్చి గచ్చు ఊడినట్లు లోపలి కణాల పొర చిట్లుతుంది. లేదా గంటల్లోనే రంధ్రం కుంచించుకుపోతుంది.

తమ్మె వేరు, పైచెవి వేరు

మీ చెవిని ఒకసారి తడిమి చూడండి. కింది తమ్మె మెత్తగా ఉంటుంది. పైభాగం వంచితే వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఆ వంగే గుణం మృదులాస్థిది. తమ్మెలో మృదులాస్థి లేదు, కొవ్వూ రక్తనాళాలూ ఉన్నాయి.

మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే ఒక పలచని పొర నుండే దానికి ఆహారం, ఆక్సిజన్ ఊరుతూ అందుతాయి. కాబట్టి అక్కడ గాయమైతే తెల్లరక్తకణాలు చేరడం ఆలస్యం, మందు చేరడం ఆలస్యం, మానడమూ ఆలస్యం. ఒకవేళ అక్కడ చీము పట్టిందంటే ఆ చీము మృదులాస్థికీ పొరకూ మధ్య చేరి రెండింటినీ వేరుచేస్తుంది. ఆహారం అందని మృదులాస్థి చచ్చిపోతుంది. చచ్చిన మృదులాస్థి తిరిగి మామూలుగా పెరగదు. చెవి ముడుచుకుపోయి, ఆకారం శాశ్వతంగా చెడిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2000వ సంవత్సరంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, నగలు అమ్మే ఒక చిన్న దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకున్న ఏడుగురికి సూడోమోనాస్ అనే బాక్టీరియా సోకినట్లు పరీక్షలలో తేలింది. వారంతా 10 నుండి 19 సంవత్సరాల వారే, అంటే మీ ఈడువారే. నలుగురు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. కొందరి చెవుల ఆకారం చెడిపోయింది. ఆ బాక్టీరియా ఎక్కడి నుండి వచ్చింది? చెవిని శుభ్రం చేయడానికి వాడిన మందు సీసాలోనే అది చేరి ఉంది! సూడోమోనాస్ తడి ఉన్నచోట బతికే జీవి. శుభ్రం చేసే మందే కలుషితమైతే ఇక శుభ్రతకు అర్థమేముంది?

మరొక సంగతి. వారిలో చాలామందికి మొదట ఇచ్చిన మందులు ఆ బాక్టీరియా మీద పనిచేయలేదు. మందులన్నీ అన్ని క్రిముల మీదా పనిచేయవు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో ఆయన ఆధ్వర్యంలో నడిచిన పరిశోధనలలో 1945లో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు. ఎన్నో రకాల బాక్టీరియాను జయించిన గొప్ప కుటుంబం అది. అంతటి మందులు కూడా సూడోమోనాస్ మీద సాధారణంగా పనిచేయవు. అందుకే మందుల దుకాణానికి వెళ్ళి “చెవికి ఏదైనా ఆయింట్‌మెంటు ఇవ్వండి” అని అడగడం సరైన పద్ధతి కాదు. ఏ క్రిమికి ఏ మందో డాక్టరు నిర్ణయించాలి.

సూది దిగక ముందే

పుండు బాగా మానడం అన్నది కుట్టే క్షణంలోనే సగం నిర్ణయమవుతుంది.

జాతరలలో, బజారు దుకాణాలలో తుపాకీ వంటి పరికరంతో ‘టిక్’మని కుట్టేస్తారు. అది మొద్దు కొస ఉన్న కమ్మను బలంగా చర్మంలోకి దూరుస్తుంది. మెత్తటి తమ్మె ఆ దెబ్బను ఎలాగో ఓర్చుకుంటుంది. మృదులాస్థి మాత్రం నలిగిపోతుంది. కాబట్టి చెవి పైభాగాన్ని, ముక్కును ఆ పరికరంతో ఎన్నడూ కుట్టించుకోకూడదు. ఒకరికి వాడి పారవేసే పదునైన సూదితో, శిక్షణ ఉన్నవారి చేత గాని, డాక్టరు చేత గాని కుట్టించుకోవడం మంచిది.

పరికరాలను క్రిమిరహితం చేయడానికి ఆసుపత్రిలో ఆటోక్లేవ్ వాడతారు. మీ ఇంట్లోని ప్రెషర్ కుక్కరు దానికి చిన్న చెల్లెలు. నీటి ఆవిరిని ఒత్తిడిలో ఉంచితే నీరు 100 డిగ్రీల దగ్గర కాక 121 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. ఆ వేడిలో 15 నిమిషాలకు పైగా ఉంచితే మొండి సిద్ధబీజాలు కూడా చస్తాయి. ప్లాస్టిక్ భాగాలున్న కుట్టు తుపాకీలు చాలావరకు ఈ వేడికి తట్టుకోలేవు. వాటిని స్పిరిట్ దూదితో తుడిచి ఇంకొకరికి వాడతారు. హెపటైటిస్-బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించని రక్తపు చుక్క చాలు. అందుకే సూది పొట్లం మన కళ్ళ ముందు విప్పమని అడగడానికి సిగ్గుపడకూడదు.

ధనుర్వాతం సంగతి కూడా మరువకండి. ఆ బాక్టీరియా సిద్ధబీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. దానికి గాలి తగలని చోటు కావాలి. సన్నగా, లోతుగా ఉండే గాయం దానికి అనుకూలం. మన జాతీయ టీకాల పట్టిక ప్రకారం 10 సంవత్సరాలకు ఒకసారి, 16 సంవత్సరాలకు మరొకసారి టీడీ టీకా వేయించుకోవాలి. వేయించుకున్నారో లేదో ఇంట్లో అడిగి తెలుసుకోండి.

మధుమేహం, గుండె కవాటాల జబ్బు, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. మీ ఇంట్లో ఎవరికైనా గాయం మానిన చోట మచ్చ గడ్డలా పెరిగే గుణం ఉన్నా అడగాలి. దీన్ని కెలాయిడ్ అంటారు. ఇది చీము గడ్డ కాదు. కొల్లాజన్ అవసరానికి మించి తయారవడం వల్ల వస్తుంది. చెవి దానికి ఇష్టమైన చోట్లలో ఒకటి.

మెరిసేదంతా మేలు చేయదు

సినిమా షూటింగులో వాడే హారాలు, జూకాలు, ముక్కెరలు చాలావరకు గిల్టు నగలు. దూరానికి బంగారంలా మెరుస్తాయి. కెమెరాకు అంతే చాలు. చర్మానికి మాత్రం అది చాలదు. గిల్టు పూత కింద తరచుగా నికెల్ పొర ఉంటుంది. చెమటలోని ఉప్పు, ఆమ్లం తగిలి నికెల్ అయాన్లు కరిగి చర్మంలోకి చేరతాయి. అక్కడి ప్రోటీన్లతో కలిసి కొత్త రూపం పొందుతాయి. మన రక్షణ వ్యవస్థ ఆ రూపాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం చెరగదు. తరువాత ఎప్పుడు నికెల్ తగిలినా, అది గడియారపు పట్టీ అయినా, ప్యాంటు గుండీ అయినా, దురద, దద్దురు, రసి మొదలవుతాయి.

మానని గాయంలో నికెల్ ఉంచితే ఆ అయాన్లకు అడ్డే ఉండదు. అందుకే యూరప్ దేశాలలో చట్టం చేశారు. కుట్టిన రంధ్రంలో ఉండే నగ నుండి వారానికి ఒక చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు!

మన కంసాలులు పసిపిల్లల చెవులకు బంగారు తీగ వేయడం వెనుక మంచి రసాయనశాస్త్రమే ఉంది. బంగారం చెమటకు కరగదు, తుప్పు పట్టదు. 22 కారట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే ఉంటుంది. ‘916’ అనే ముద్ర అర్థం అదే. బంగారం కొనే శక్తి అందరికీ ఉండదు. టైటానియం కూడా శరీరంతో పేచీ పెట్టుకోని లోహం. ఎముకలు అతికించే పలకలకు దాన్ని వాడేది అందుకే. ‘ఒక గ్రాము బంగారం’ పేరుతో అమ్మే పూత నగలు మాత్రం గాయం పూర్తిగా మానేవరకు పెట్టెలోనే ఉండాలి.

రోజూ చేయవలసిన పని

మొట్టమొదటిది చేతులు కడుక్కోవడం. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, తోటి డాక్టర్ల చేత చేతులు కడిగించి, ప్రసూతి వార్డులో మరణాలను ఎంతో తగ్గించాడు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా కుట్టిన చోట వేలు పెట్టవద్దు. మీ చేతులే కాదు, “ఏదీ, చూడనీ” అని వచ్చే స్నేహితుల చేతులు కూడా!

రోజుకు రెండుసార్లు ఉప్పునీటితో శుభ్రం చేయాలి. మందుల దుకాణాలలో క్రిమిరహితమైన సెలైన్ దొరుకుతుంది. అదే అన్నింటికంటే మంచిది. అందులో ఒక లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ తొమ్మిదే ఎందుకు? మన కణాలలోని ద్రవం గాఢత కూడా అంతటిదే కనుక. గాఢత సమానంగా ఉన్నప్పుడు నీరు కణాలలోకి చొరబడదు, కణాల నుండి బయటికీ పోదు. ఉప్పు ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అవుతుందనుకుని చిక్కని ఉప్పునీరు పెడితే, కొత్తగా పుట్టిన కణాలు నీరు కోల్పోయి ముడుచుకుపోతాయి. అదే ద్రవాభిసరణం.

చేసి చూడండి: ఒక గిన్నెలో మామూలు నీరు పోసి పది ఎండు ద్రాక్షలు వేయండి. కొన్ని గంటల తరువాత అవి ఉబ్బుతాయి. వాటిలో ఐదింటిని చిక్కని ఉప్పునీటిలో వేయండి. అవి మళ్ళీ ముడతలు పడతాయి. పుండు మీద ఉప్పు ఎక్కువైతే కణాల గతి కూడా అంతే.

శుభ్రమైన గాజుగుడ్డను సెలైన్‌లో తడిపి, కమ్మకు ముందూ వెనకా కొద్దిసేపు అద్ది ఉంచితే పొక్కు నానుతుంది. దానంతట అది వచ్చినంతే తీయాలి. గోరుతో గిల్లకూడదు. దూది పోగులు కమ్మకు చుట్టుకుంటాయి కనుక గాజుగుడ్డే మేలు. తరువాత పొడిగా అద్దాలి. తడి నిలవ ఉంటే సూడోమోనాస్ వంటి జీవులకు పండగే.

స్పిరిట్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. పెరాక్సైడ్ పోయగానే బుసబుస నురగ వస్తుంది. “క్రిములు చస్తున్నాయి” అని సంతోషిస్తారు. ఆ నురగ ఆక్సిజన్. మన రక్తంలో, కణాలలో ఉండే కెటలేజ్ అనే ఎంజైము పెరాక్సైడును విడగొట్టడం వల్ల అది వస్తుంది. పచ్చి బంగాళాదుంప ముక్క మీద పోసినా అదే నురగ! ఆ మందు క్రిమికీ, కొత్త చర్మకణానికీ తేడా చూడదు.

కమ్మను తిప్పకండి. రోజూ తిప్పకపోతే అతుక్కుపోతుందని చాలామంది అంటారు. మన మేస్త్రీల ఉపమానం గుర్తు తెచ్చుకోండి. తిప్పిన ప్రతిసారీ ఎండిన పొక్కు గరుకు కాగితంలా పచ్చి గచ్చును గీకుతుంది.

తలదిండు గలీబు తరచుగా మార్చండి. కుట్టిన వైపు పడుకోకండి. ఫోను ఆ చెవికి ఆనించకండి. చున్నీ, దువ్వెన తగలకుండా చూసుకోండి. మానేవరకు ఈత కొలనులకు, చెరువులకు సెలవు.

అమ్మమ్మ వైద్యం, సుశ్రుతుడి వైద్యం

పసుపు, కొబ్బరినూనె కలిపి రాయడం, కమ్మ బదులు వేపపుల్ల దూర్చడం మన ఇళ్ళలో ఉన్న అలవాట్లు. వీటిని వెక్కిరించవలసిన పని లేదు. రంధ్రం పూడకూడదు, క్రిములు చేరకూడదు అన్నవే వారి ఉద్దేశాలు. పసుపులోని కర్‌కుమిన్‌కు బాక్టీరియాను అడ్డుకునే గుణం ఉన్నట్లు ప్రయోగశాలలో చూశారు కూడా. కాని వంటింటి డబ్బాలోని పసుపు క్రిమిరహితం కాదు. దాని రేణువులు సొరంగంలో ఇరుక్కుంటాయి. నూనె మురికిని పట్టి ఉంచుతుంది. వేపపుల్ల పీచు లోపల విరిగి ఉండిపోవచ్చు. బూడిద, పేడ వంటివి ససేమిరా పనికిరావు. అవి ధనుర్వాతానికి పిలుపులు.

ప్రాచీనుల పరిశీలన ఎంత సూక్ష్మమైనదో చెప్పడానికి సుశ్రుత సంహిత ఉంది. శిశువుకు ఆరో నెలలోగాని, ఏడో నెలలోగాని చెవులు కుట్టాలని, చెవిని లాగి పట్టుకుని సూర్యకాంతి ప్రసరించే చోట కుట్టాలని అందులో ఉంది. వెలుగు ప్రసరించే చోట అంటే కణజాలం పలచగా, పెద్ద రక్తనాళం లేకుండా ఉన్న చోట! రక్తం ఎక్కువగా వచ్చినా, నొప్పి ఎక్కువైనా తగని చోట కుట్టినట్లని కూడా చెప్పారు. తరువాత రంధ్రంలో నూలు వత్తి ఉంచి, నూనె తడుపుతూ, మూడు రోజులకొకసారి వత్తి లావు పెంచమన్నారు. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఈనాడు తెలిసింది కనుక వత్తి, నూనె మానివేశాం. చోటు ఎంచడంలోని తెలివిని మాత్రం ఉంచుకున్నాం.

ప్రమాద సూచనలు

ఈ కింది వాటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

1. ఎరుపు, వాపు రోజురోజుకూ తగ్గక పెరగడం.
2. ఆ చోటు కాలుతున్నట్లు వేడిగా ఉండడం, పోటు పెట్టడం.
3. చిక్కని పసుపుపచ్చ లేక ఆకుపచ్చ చీము, దుర్వాసన.
4. జ్వరం, మెడ దగ్గర లేక దవడ కింద బిళ్ళ కట్టడం.
5. కమ్మ వెనక మర చర్మంలో పూడుకుపోవడం.
6. చెవి పైభాగమంతా ఎర్రబడి ఉబ్బడం. దీనికి ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చీము పట్టిందని కంగారుపడి కమ్మను మీరే పీకివేయకండి. పైన రంధ్రం మూసుకుని చీము లోపలే బందీ అవుతుంది. తీయాలో ఉంచాలో డాక్టరు చెబుతారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంట్లో తెలియకుండా పైచెవి కుట్టించుకుంది. తిడతారని జుట్టుతో కప్పుకుని ఐదు రోజులు దాచింది. ఆరో రోజు తరగతిలో తల ఎత్తలేకపోతే తోటి పిల్లలు చెప్పారు. డాక్టరు చీము తీసి చెవిని చాలావరకు నిలబెట్టారు గాని, పైఅంచున చిన్న నొక్కు మిగిలిపోయింది. చీము పట్టింది సూడోమోనాస్ వల్లనో మరొక బాక్టీరియా వల్లనో కావచ్చు. ఐదు రోజులు నష్టం చేసింది మాత్రం భయం. పిల్లలూ! చెప్పకుండా కుట్టించుకుని ఉన్నా సరే, వాపు కనబడితే ఆ పూటే ఇంట్లో చెప్పండి. అమ్మ తిట్టు ఒక పూటతో పోతుంది.

మేకప్ వేసుకునే వారికి

మీలో కొందరు డాన్సు పోటీలకు, షూటింగులకు వెళుతుంటారు. కొత్త కుట్టు మీద పౌడరు, రంగు, హెయిర్ స్ప్రే, గడ్డాలు మీసాలు అంటించే స్పిరిట్ గమ్ తగలనీయకండి. ఒకరి చెవికి పెట్టి తీసిన జూకాలను మరొకరు పెట్టుకోవడం మంచిది కాదు. పాత్రకు ముక్కుపుడక కావాలంటే కుట్టనవసరమే లేదు. నొక్కితే నిలిచే పుడకలు దొరుకుతాయి. తెర మీద మీరు చూసే పుడకలలో అలాంటివీ ఉంటాయి. ఒక్క పాత్ర కోసం కుట్టించుకునే ముందు ఆ సంగతి ఆలోచించండి. షూటింగు ఒక రోజులో అయిపోతుంది. సొరంగంలో మేస్త్రీల పని నెలల తరబడి సాగుతుంది.

ఆలోచించి జవాబులు రాయండి

1. ముక్కు పక్క మందం 3 మిల్లీమీటర్లు, రంధ్రం వ్యాసం 1 మిల్లీమీటరు అయితే లోపలి గాయం బయటి గాయానికి ఎన్ని రెట్లు?
2. చెవి తమ్మె కంటే చెవి పైభాగం ఎందుకు ఆలస్యంగా మానుతుంది?
3. పావు లీటరు నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉంటే అది సెలైన్‌తో సమానమవుతుంది?
4. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ క్రిములు చచ్చాయనడానికి రుజువు కాదని బంగాళాదుంపతో ఎలా చూపిస్తారు?
5. మీ ఇంట్లో పెద్దవారికి చెవులు ఎవరు, దేనితో కుట్టారో, తరువాత ఏమి రాశారో అడిగి రాసుకోండి. ఆ పద్ధతులలో దేన్ని ఉంచుతారు, దేన్ని మారుస్తారు? కారణాలు చెప్పండి.